ఆరున్నొకటి

3 జూలై, బుధవారం

బొమ్మ వచ్చింది. నర్సింగ్ కాలేజీలో తన గది కప్పు కారుతోందని హేబ్సిబా సిస్టర్ దాన్ని ఆటోలో తెచ్చి మా ముందు గదిలో పెట్టించింది. వానాకాలం అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. బుధవారం బుధవారం పదకొండు గంటలకు మా గల్లీ ఆడవాళ్లకు ఇక్కడే నేర్పుతుంది.

ఇది మా ఆయన ఆఫీసు డైరీ. ఫిబ్రవరి 22 దాకా ఆయన రాత ఉంది: ఏ ట్రాన్స్‌ఫార్మర్, ఏ ఊరి ఫ్యూజు, ఏ స్తంభం ఒరిగింది. ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. ఖాళీ కాగితం పారేయడం నాకు చేతకాదు. ఇంటి లెక్కల బుక్కు వేరే ఉంది. ఇందులో బొమ్మ సంగతులే రాస్తాను.

అప్పగించుకున్నవి: బొమ్మ ఒకటి (తల, మెడ, నడుము దాకా. చేతులూ కాళ్లూ లేవు). జిప్పు సంచి ఒకటి. నేల మీద పరిచే చాప ఒకటి. ఛాతీ సరిగ్గా రెండంగుళాలు దిగితే లోపల టక్ అంటుంది, పక్కనున్న కౌంటర్‌లో ఒక అంకె పెరుగుతుంది. తక్కువ దిగితే ఏమీ అనదు. ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ సున్నా.

గుండె ఆగిన మనిషికి అంబులెన్సు వచ్చేలోపు ఇంట్లోవాళ్లు ఛాతీ ఎలా నొక్కుతారు, ఎక్కడ తప్పుతారు అన్నది చూసి రాయడం సిస్టర్ పని. మొదటి ఏడాది ఖర్చుకు, ఆయన పోయాక డిపార్ట్‌మెంటు నుంచి వచ్చినదాంట్లో రెండు లక్షలు నేను ఇచ్చాను. రెండో ఏడాదికి బెంగళూరు ట్రస్టు ఒకటి ఇస్తానంటోంది. వాళ్లు అడిగింది ఒకటే. రిపోర్టు మొదటి పేజీలో నా వాంగ్మూలం ఉండాలి, సంతకంతో. ఆయన పడిపోయిన రోజు నేను ఏం చేశాను, ఎంతసేపు చేశాను. నెలాఖరుకు ఇవ్వాలి.

పద్నాలుగు నిమిషాలు నొక్కాను. అందరికీ తెలిసిందే. రాసివ్వడం ఎంతసేపు.

అత్తమ్మ కర్ర పట్టుకుని వచ్చి చాలాసేపు బొమ్మను చూసింది.

"దీనికి కాళ్లేడ పోయినయే?"

"ఉండయి అత్తమ్మా. ఇది గింతే."

"పాపం. లేసిపోదామన్నా పోలేడు," అని భుజం మీది తువ్వాల తీసి దాని నడుము కింద కప్పింది.

4 జూలై

కౌంటర్ 0.

8 జూలై

కౌంటర్ 0. సంచి మీద దుమ్ము తుడిచాను. నాలుగు రోజులుగా వాన. ఎర్రరాతి గోడలు చెమ్మ పీలుస్తున్నాయి. బొమ్మ పెదవుల మీద కూడా తడి ఉంది.

10 జూలై, బుధవారం

తొమ్మిది మంది వచ్చారు. ముందు పక్కింటి మహానంద కూర్చుంది. మోకాళ్లేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మొదలుపెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

సిస్టర్ చెయ్యెత్తి ఆపింది. "మహానందమ్మా, గిది జొన్నల రాశి కాదు. మనిషి."

"లెక్క లెక్కనే గద సిస్టర్. మొదలు వెట్టంగ ఒకటి అంటరా? లాభం అనాలె. ఏడు అంటే ఏడుపు. ఆరున్నొకటి అనాలె. మా అవ్వ గట్లనే కొలిసేది."

"మా నాయనమ్మ గూడ గట్లనే కొలిసేది. కానీ గింజలు ఆగుతయి. ప్రాణం ఆగదు."

"మనిషైతే ఇంకా అనొద్దు. పండుకున్నోని మీద వంగి ఏడు, ఏడు అంటరా ఎవరన్న? ఆడు బతుకుదామనుకున్నా భయపడి పోతడు."

అందరూ నవ్వారు. తర్వాత కూర్చున్న ఎనిమిది మందీ అలాగే లెక్కపెట్టారు. ఎవరూ చెప్పుకోలేదు, నేర్చుకోలేదు. నోరు దానంతటదే అలా తిరిగింది.

ఆయన నాకు దిండు మీద నేర్పారు. లైన్‌మెన్లకు ప్రతి ఏడాది ట్రైనింగు ఉంటుంది. కరెంటు కొట్టిన మనిషికి ఏం చేయాలో చార్టు సబ్‌స్టేషన్ గోడకు ఉంటుంది. "నేను స్తంభం మీదికెల్లి పడితే నువ్వే దిక్కు," అని దిండును నేల మీద వేసి నా చేతులు దాని మీద పెట్టారు. నేను మా పుట్టినూరు కుశనూర్‌లో మా నాయన జొన్నలు కొలిచినట్టే లెక్కపెట్టాను. ఆయన పడీ పడీ నవ్వారు. "జొన్నలు కొలుస్తున్నవా, మనిషిని బతికిస్తున్నవా? నువ్వు ఆరున్నొకటి అనేలోపల వాడు పోతడు. ఏడు అను. ఏడు." నేను అనలేదు. ఆ దిండు ఇంకా ఉంది.

ఈ రోజు మొత్తం 412. ఎర్ర బటన్ నొక్కాను. కౌంటర్ 0.

11 జూలై

కౌంటర్ 6. నిన్న బటన్ సరిగ్గా నొక్కలేదేమో. మళ్లీ నొక్కి చూసుకున్నాను. 0.

12 జూలై

కౌంటర్ 6.

13 జూలై

6. రోజూ సున్నా చేస్తూనే ఉన్నాను. పిల్లి అనుకున్నాను. కానీ జిప్పు వేసే ఉంది. పిల్లికి ఆరు దాకానే ఎందుకు వస్తుంది?

14 జూలై

సంచి మీద బియ్యం డబ్బా పెట్టాను. ఎనిమిది కిలోలు, తూచి పెట్టాను. సాయంత్రం చూస్తే డబ్బా కింద ఉంది, గోడకు ఆనించి, మూత నేను పెట్టే తీరుగానే సరిగ్గా పెట్టి ఉంది. అత్తమ్మ దించి ఉంటుంది. అత్తమ్మ చెంబెడు నీళ్లు కూడా రెండు చేతులతో ఎత్తుతుంది.

కౌంటర్ 6.

17 జూలై, బుధవారం

పీర్ల పండుగ. క్లాసు లేదు. పీర్లు మా గల్లీ చివరి నుంచే పోతాయి. మధ్యాహ్నం దాకా డప్పుల చప్పుడు, తర్వాత ఒక్కసారిగా ఏమీ లేదు. భోజనం చేసి పడుకున్నాను.

లేచేసరికి మోకాళ్ల మీద చాప గీతలు ఉన్నాయి. నేను పడుకునేది మంచం మీద.

కౌంటర్ 6.

19 జూలై

కుడి మణికట్టు దగ్గర నొప్పి. దుప్పట్లు పిండినందుకు.

6.

20 జూలై

దుప్పట్లు ఉతికింది పోయిన ఆదివారం.

6.

24 జూలై, బుధవారం

క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక సిస్టర్ ఉండిపోయింది. బొమ్మలో చిన్న కార్డు ఉందట. ఎప్పుడు నొక్కారు, ఎంత లోతు, ఎంత వేగం, అన్నీ అందులో పడతాయట. అది నాకు ఎవరూ చెప్పలేదు. మొన్న బొమ్మను చూసిపోవడానికి వచ్చినప్పుడు దాన్ని తీసుకుపోయి, కాలేజీలో కాగితాల మీద గీయించి తెచ్చింది.

"సూడు అక్కా," అని ఒక్కొక్క ఆడమనిషి కాగితం పరిచింది. కొండలు వరుసగా ఉన్నట్టు గీత. ఆరు కొండలు, తర్వాత ఒక గుంత, తర్వాత మళ్లీ కొండలు. అందరి కాగితంలోనూ అదే చోట గుంత.

"ఆరున్నొకటి," అన్నాను.

"ఆఁ. ఏడు అంటే ఒక్క దెబ్బల అయిపోతది. ఆరున్నొకటి అంటే నోరు తిరిగే దాకా చెయ్యి ఆగుతది. పదిహేడు, ఇరవై ఏడు వచ్చినప్పుడు గూడ అంతే. ఏ పుస్తకంల లేదు అక్కా ఇది. మన దిక్కు మనుషులు మాత్రమే చేసే తప్పు. ట్రస్టుకు ఇదే చూపెడుత."

చాలా సంతోషంగా ఉంది. నాకూ సంతోషమే. నా రెండు లక్షలకు ఒక కొత్త సంగతి దొరికింది.

తర్వాత ఇంకో కాగితం తీసింది.

"ఇది ఎవరు అక్కా? రోజు మధ్యాహ్నం రెండు నలభైకి ఎవరో ప్రాక్టీస్ చేస్తున్నరు. ఆరు. ఆరు. ఆరు. లోతు మంచిగున్నది, వేగం మంచిగున్నది. క్లాసుల ఎవరు గూడ ఇంత మంచిగ నొక్కరు. కానీ ఆరు కాంగనే ఆపేస్తున్నరు. ఎందుకో."

"ఎవరు లేరు సిస్టర్. ఆ టైముకు నేను పండుకుంట. అత్తమ్మ వెనక వాకిట్ల ఉంటది."

సిస్టర్ నా చేతుల వైపు చూసింది. నేను కొంగు కప్పుకున్నాను.

"ఆ దినం మీరెట్ల లెక్కపెట్టిండ్రు అక్కా? మీరు నిజంగ చేసినోళ్లు గద. రాసేటప్పుడు అది గూడ రాయుండ్రి."

"ఆయన నేర్పినట్టే."

వెళ్లే ముందు తన పట్టిక చూపించింది. బీదర్ చుట్టుపక్కల ఇళ్లలో గుండె ఆగిన ఇరవై మూడు మంది. రెండు వరసలు. ఇంటివాళ్లు చివరిదాకా నొక్కినా బతకనివాళ్లు ఒకటి, ఇంటివాళ్లు మధ్యలో ఆపేసినవాళ్లు ఇంకొకటి. మొదటి వరసలో మొట్టమొదట 'శివరాజ్, 56, లైన్‌మన్' అని ఉంది. ఎదురుగా '14 నిమిషాలు'. ఇరవై మూడే కాబట్టి ఒక్కటి అటుది ఇటు అయినా లెక్క మారిపోతుందని చెప్పింది.

తప్పు వరసలో రాసిన అంకె ఉంటే నాకు నిద్ర పట్టదు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు నాకు నిద్ర బాగానే పడుతోంది.

25 జూలై

వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాను.

'ఫిబ్రవరి 22న మధ్యాహ్నం రెండు నలభైకి ఆయన అన్నం తిని చేయి కడుక్కోవడానికి లేచి ముందు గదిలో పడిపోయారు. పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. 108కి ఫోన్ చేశాను. ఆయన్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లేసి కూర్చుని ఛాతీ మీద చేతులు పెట్టాను. అంబులెన్సు రెండు యాభై నాలుగుకు వచ్చింది.'

చివరి వాక్యానికి ముందు ఒక వాక్యం రావాలి. చోటు వదిలాను. రేపు రాస్తాను.

6.

26 జూలై

రాయలేదు. 6.

27 జూలై

రాయలేదు. మరిది సంగమేష్ వచ్చాడు. అత్తమ్మ వాడి ముందు మళ్లీ ఎత్తుకుంది. "పద్నాలుగు నిమిషాలు నా కొడుకును పోనియ్యకుంట పట్టుకున్నది నా కోడలు. ఏ తల్లి కన్న బిడ్డనో." నాలుగిళ్ల అవతలకు వినబడేలా చెబుతుంది. చెవుడు ఉన్నవాళ్లు అంతే, గట్టిగా మాట్లాడతారు.

6.

28 జూలై

బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం చెవి కొంగుకు మూడు ముళ్లు వేసుకున్నాను.

29 జూలై

ముళ్లు మూడూ ఉన్నాయి. బీరువా తాళం వేసే ఉంది. తీసి చూశాను.

6.

మూడు ముళ్లూ నేను వేసేవి కుడి పక్కకు. ఇవి ఎడమ పక్కకు ఉన్నాయి, కుడి చేయి నొప్పిగా ఉన్నవాళ్లు వేసినట్టు.

30 జూలై

పొద్దున అత్తమ్మ గోకరకాయ తుంచుతోంటే పక్కన కూర్చుని నేనూ తుంచాను. ఆమెకు వినబడాలని కొంచెం గట్టిగా అడిగాను.

"అత్తమ్మా, మధ్యాన్నం మీరు ముందటి అర్రలకు పోతున్నరా?"

"నేనెందుకు పోతనే. నువ్వే పోతవు గద."

నేను తుంచుతూనే ఉన్నాను.

"రోజు పోతవు. గడప కాడికెల్లి చూస్తనే ఉన్న. బొమ్మను తీస్తవు, చాప పరుస్తవు, మోకాళ్లేస్తవు. లాభం, రెండు, మూడు అంటవు. ఆరు కాంగనే ఆగుతవు. అట్లనే కూసుంటవు, మస్తుసేపు. ఆనక అన్ని సర్ది వచ్చి పండుకుంటవు. పిలిస్తే పలుకవు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నిద్రల నడిసేటోళ్లను లేపొద్దంటరు."

గిన్నెలో కాయలు పడే చప్పుడే.

"అర్రల నేను లెక్కపెట్టింది గడప కాడికి ఎట్ల ఇనబడ్డది మీకు?"

"నాకు చెవుడు ఎవరు చెప్పిండ్రే? మీరే అనుకున్నరు. నేను ఊకున్న. చెవుడు ఉన్నదంటే ఇంట్ల ఎవరు ఏమన్న అనొచ్చు, నేను ఇననట్టే ఉండొచ్చు. సుఖం."

నాకు నవ్వు రావాల్సింది.

"అయితే ఆ దినం గూడ ఇన్నరు."

"ఇన్న. వెనక కుండ దగ్గరనే ఉంటి. వాడు పడ్డ సప్పుడు ఇన్న, నువ్వు ఫోన్ల మాట్లాడింది ఇన్న. కాళ్లు లేవలె నాకు. లాభం అన్నవు. ఆరు దాకా ఇన్న. దాని తర్వాత దాని కోసం చూసిన." ఒక కాయ తీసి ఈనె లాగింది. "రాలె."

"మరి అందరికి పద్నాలుగు నిమిషాలని..."

"నువ్వు చెప్పింది నేను చెప్పిన. కోడలి మాట పదిమందిల తీసేస్తనా?"

గిన్నె నా వైపు జరిపి, లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఒక్కటి మాత్రం అర్థమైతలేదు నాకు. నువ్వు చేతులు తీసినంక గూడ ఆ బొమ్మ జరసేపు ఊపిరి తీస్తది."

ప్లాస్టిక్ అలాగే ఉంటుంది, నొక్కితే దిగుతుంది, వదిలితే మెల్లగా ఉబ్బుతుంది అని చెప్పాను.

"గంతేనా," అంది. "ఆరు సార్లు ఉబ్బుతది. లెక్కపెట్టిన. ఇంకోదాని కోసం చూస్తున్నట్టుంటది."

31 జూలై, బుధవారం

తెల్లవారి లేచి, వదిలిన చోట రాశాను. ఆ చోటు చాలలేదు, పక్కన కూడా రాశాను.

'ఆరు సార్లు నొక్కాను. ఏడోసారికి నోట మాట రాలేదు. ఆరున్నొకటి అంటే ఆయన పోతారని ఆయనే చెప్పారు. ఏడు అనడానికి, ఆయన మీద వంగి, నా నోరు రాలేదు. మాట వస్తే నొక్కుదామని చేతులు ఆగాయి. మాట రాలేదు. అంబులెన్సు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. పద్నాలుగు నిమిషాలు అన్నది నిజమే. అది నేను నొక్కిన సేపు కాదు, కూర్చున్న సేపు.'

సంతకం చేశాను. తేదీ వేశాను.

క్లాసు అయ్యాక సిస్టర్ చేతికి ఇచ్చాను. నిలబడే చదివింది, తర్వాత కూర్చుని మళ్లీ చదివింది. నన్ను ఓదార్చలేదు. అది మంచిదయింది. సంచిలోంచి పట్టిక తీసి, మొదటి వరసలో ఆయన పేరు కొట్టేసి, రెండో వరసలో కింద రాసింది. '14 నిమిషాలు' కొట్టేసి '6 సార్లు' అని వేసింది.

"ట్రస్టోళ్లు డబ్బులియ్యకపోవచ్చు అక్కా. వాళ్లకు మొదటి పేజీల ధైర్యవంతురాలు కావాలె."

"ఇయ్యకపోతే ఇయ్యకపోనీ. మా రెండో ప్లాటు ఉన్నది, అమ్ముత."

"మీ పేరు తీసెయ్యాల్నా? నంబరు వేస్త."

"ఉండనియ్. ఎవరి పేరు మీద తప్పు రాసినమో వాళ్ల పేరు మీదనే దిద్దాలె."

చెప్పులు వేసుకుంటూ ఆగింది. "ఆ ఇరవై మూడు ఇళ్లల్ల ఇంకెవరన్న గూడ ఆరు కాడ ఆగిండ్రేమో. నేను ఆ మాట అడగనే లేదు. మళ్లా పోత అందరి దగ్గరికి."

క్లాసులో ఈ రోజు ఏడు అనిపించే ప్రయత్నం చేసింది. మహానంద కళ్లు మూసుకుని "ఏడు" అని, వెంటనే చెంపలేసుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఎర్ర బటన్ నొక్కాను. బొమ్మను బీరువాలో పెట్టలేదు. మధ్యాహ్నం పడుకున్నాను.

6.

చెప్పేస్తే ఆగుతుందనుకున్నాను.

1 ఆగస్టు, గురువారం

ఈ రోజు పడుకోలేదు. భోజనం అయ్యాక మొహం కడుక్కుని, రెండున్నరకు బొమ్మను నేనే తీశాను, తెలిసే తీశాను. ఆయన పడిన చోటే చాప పరిచాను. అత్తమ్మ వచ్చి గడప మీద కూర్చుంది, కర్ర ఒళ్లో పెట్టుకుని.

బయట వాన ఆగింది. గోడ గడియారంలో రెండు నలభై.

కౌంటర్ 0 అని చూసుకున్నాను. మోకాళ్లేశాను. చాప గీతలు వాటి చోట్లలో అవి కూర్చున్నాయి.

లాభం. టక్. రెండు. టక్. మూడు. నాలుగు. అయిదు. ఆరు. టక్.

చేతులు ఆగిపోయాయి. నేను ఆపలేదు. భుజాల నుంచి వేళ్ల దాకా ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయాయి. అరచేతుల కింద ఛాతీ మెల్లగా పైకి లేచింది, నిలబడింది. అత్తమ్మ చెప్పింది నిజమే. దేనికోసమో చూస్తున్నట్టు ఉంది. బొమ్మ మొహం వైపు చూడలేదు. గడప వైపు చూశాను. అత్తమ్మ నా నోటినే చూస్తోంది.

ఏడు, అన్నాను.

గట్టిగానే అన్నాను. ఆ గదిలో ఆ మాట గోడలకు తగిలి వచ్చింది.

నా మోచేతులు బిగుసుకునే ఉన్నాయి, బరువు వేయలేదు. ఛాతీ నా చేతుల కింద నుంచి కిందికి దిగింది, రెండంగుళాలు, సరిగ్గా. టక్ అంది.

చేతులు తీసేశాను. గుండెలకు హత్తుకుని కూర్చున్నాను. అత్తమ్మ కర్రతో నేల మీద ఒక్కసారి కొట్టి, "ఆఁ," అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు. తర్వాత లేచి, వెనక వాకిట్లోకి పోయి, నీళ్ల కుండ మీద మూత సర్దింది.

చాప చుట్టాను. బొమ్మను సంచిలో పెట్టి జిప్పు వేశాను. అది ఇక ఉబ్బడం లేదు.

కౌంటర్ 7.

లెక్క సరిగ్గా ఉండాలి కాబట్టి రాసి పెడుతున్నాను. ఆరు నావి. ఏడోది నేను నొక్కలేదు.